తిలక్‌ను వెనక్కి పిలిచింది ఎవరు?

ముందు ఒక సంగతి తేల్చుకుందాం, మిగతా కబుర్లు ఆ తర్వాత. 2025 ఏప్రిల్ 4 రాత్రి లక్నోలో తిలక్ వర్మను ఐపీఎల్ ఆట మధ్యలోంచి వెనక్కి పిలిచింది ఎవరు? కంప్యూటరా, మనిషా?

మా సిద్దిపేటలో ఈ ప్రశ్న వేస్తే ఎక్కువమంది కంప్యూటర్ మీదికే నెడతారు. "గా ల్యాప్‌టాపులు ముందల పెట్టుకొని కూసున్నోళ్లే పోరన్ని ఆగం చేసిండ్రు" అంటాడు మా వాడకట్టు కాక ఒకాయన. అజహరుద్దీన్ మణికట్టు తిప్పితే బంతి ఎటు పోయేదో చూసి ఆట మీద మనసు పడ్డ తరం ఆయనది. కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ సెలవులకు ఊరికి వస్తాడు. వచ్చాడంటే ఇద్దరికీ ఇదే పంచాయితీ. "బాపూ, నీ కండ్లకు కనవడేది గా ఒక్క మ్యాచే. వాళ్లకు వెయ్యి మ్యాచ్‌లు ఒక్కసారే కనవడుతయి" అంటాడు వాడు. "వెయ్యి మ్యాచ్‌లు చూసినోడు గా ఒక్క పోరని మొఖం సూడకపాయె గదరా" అంటాడు కాక. వాడకట్టులో వేసుకున్న చలిమంట ఆరిపోయేదాకా ఈ మాటలు సాగుతాయి. వింటున్నకొద్దీ ఇద్దరి మాటలోనూ సత్తువ ఉన్నట్టే ఉంటుంది. అందుకే దీన్ని మీ ముందు పరుస్తున్నాను.

ఆ రాత్రి సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. లక్నో 203 పరుగులు కొట్టింది. ముంబయి ఛేదనలో ఇంపాక్ట్ ప్లేయర్‌గా, అంటే మధ్యలో మార్చుకునే అదనపు ఆటగాడిగా, దిగిన తిలక్‌కు బంతి బ్యాటు మధ్యలో తగలనే లేదు. కొట్టాలని చూస్తాడు, తగలదు. తగిలితే ఫీల్డర్ చేతికి పోతుంది. 23 బంతులకు 25 పరుగులు. గెలవడానికి 7 బంతుల్లో 24 కావాలనగా అతన్ని లోపలికి పిలిచేశారు. రిటైర్డ్ అవుట్. అతని చోట మిచెల్ శాంట్నర్ వచ్చాడు. ముంబయి 12 పరుగుల తేడాతో ఓడింది. డగౌట్‌లో సూర్యకుమార్ యాదవ్ ముఖం మారిపోవడం, కోచ్ మహేల జయవర్ధనే అతని చెవిలో ఏదో నచ్చజెప్పడం టీవీలో అందరం చూశాం.

ఇప్పుడు నిదానంగా ఆలోచించండి. శాంట్నర్ మంచి ఎడమచేతి స్పిన్నర్, బ్యాటూ పట్టగలడు. కానీ తిలక్? అంతకు ఐదు నెలల ముందే, 2024 నవంబరులో, దక్షిణాఫ్రికా గడ్డ మీద వరుసగా రెండు టీ20 సెంచరీలు బాదాడు. మూడో స్థానం నాకివ్వండని కెప్టెన్‌ను అడిగి మరీ దిగి కొట్టిన సెంచరీలవి. వెయ్యి మ్యాచ్‌ల పట్టిక ముందు పెట్టుకున్నవాడెవడైనా ఆఖరి ఏడు బంతులకు తిలక్‌ను తీసేసి శాంట్నర్‌ను పంపమంటాడా? అనడు. మ్యాచ్ అయ్యాక జయవర్ధనే చెప్పిన కారణంలోనూ పట్టికల ఊసు లేదు. తిలక్ చాలాసేపు క్రీజులో ఉన్నాడు గనక ఎప్పుడో ఒకప్పుడు కుదురుకుంటాడని చివరిదాకా చూశామనీ, కుదురుకోలేదనీ, కొత్తవాడైతే నయమనిపించిందనీ ఆయన మాటల సారాంశం. అనిపించింది! ఎన్నో టెస్టులు ఆడి, ఎంతో చూసిన మనిషికి ఆ పూట కంటి చూపుతో అలా అనిపించింది. అంటే లెక్కల మీద విరుచుకుపడటానికి మా కాక రోజూ వాడే ఉదాహరణ నిజానికి ఆయన నమ్మే అనుభవం ఇచ్చిన తీర్పే.

ఇది చెబితే కాక కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే కన్ను కూడా తప్పు చూస్తదన్నట్టు" అన్నాడు. అవును, చూస్తుంది. కంటికి ఇప్పుడు పడిన బంతి కొండంత కనిపిస్తుంది. వరుసగా నాలుగు బంతులు తప్పాయంటే వీడికి ఇవాళ చేతకాదని తేల్చేస్తుంది. లెక్కది ఇంకో తప్పు. దానికి ఇవాళ అనేది ఉండదు. పిల్లవాడికి జ్వరమా, పిచ్ తడిగా ఉందా, నిన్న రాత్రి ఇంటి నుంచి ఏ కబురు వచ్చింది, ఇవేవీ దాని అంకెల్లోకి ఎక్కవు. రెంటిలో ఏది మేలని తన్నుకోవడం కన్నా, ఏది ఎక్కడ తప్పుతుందో తెలుసుకుంటే పని జరుగుతుంది.

ఆ తర్వాత ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి కదా. మూడు రోజులకే బెంగళూరు మీద తిలక్ 29 బంతుల్లో 56 కొట్టాడు. సెప్టెంబరు 28న దుబాయ్‌లో ఆసియా కప్ ఫైనల్. పాకిస్తాన్ మీద 147 కొట్టాలి. 20 పరుగులకే మూడు వికెట్లు పోయాయి. ఆ స్థితిలో నిలబడి 53 బంతుల్లో 69 చేసి, చివరిదాకా అవుట్ కాకుండా మ్యాచ్ గెలిపించి వచ్చాడు. ఆఖరి ఓవర్లో 10 పరుగులు కావాల్సి ఉంటే హారిస్ రౌఫ్‌ను సిక్స్ బాదాడు. ఆ ఇన్నింగ్స్‌లోనూ మొదట చాలాసేపు అతని స్కోరు నెమ్మదిగానే నడిచింది. లక్నో కొలబద్దతో కొలిస్తే అక్కడా మధ్యలోనే పిలిచేయాల్సి వచ్చేదేమో. పిలవలేదు, ఆగారు. నాకు ఈ మొత్తం గొడవలో ముఖ్యమనిపించేది ఆ ఆగడమే. తిలక్ ఎలాంటి ఆటగాడో 23 బంతులు చెప్పలేవు. రెండు మూడేళ్ల లెక్క చెప్పగలదు. మన పాతతరం ఎంతగానో కోరుకునే ఓపికకు, ఆటగాడి మీద నమ్మకానికి, నిజానికి పొడుగాటి లెక్కే గట్టి సాక్ష్యం. తొందరపాటే అసలు దోషం, అది ల్యాప్‌టాప్‌లోంచి వచ్చినా, మాజీ కెప్టెన్ నోట్లోంచి వచ్చినా.

ఇక ఉప్పల్ సంగతికి వద్దాం. తిలక్ ముంబయికి ఆడినా, మన మంట దగ్గర మాటలన్నీ చివరికి సన్‌రైజర్స్ దగ్గరికే చేరతాయి.

2024 మార్చి 27న ఉప్పల్‌లో ముంబయి మీద 3 వికెట్లకు 277. ముంబయి కూడా తగ్గకుండా 246 కొట్టింది. ఒక్క మ్యాచ్‌లో రెండు జట్లూ కలిసి 523 పరుగులు, 38 సిక్సులు. ఏప్రిల్ 15న బెంగళూరులో 287. ఐదు రోజులకు ఢిల్లీలో మొదటి ఆరు ఓవర్లకే వికెట్ పోకుండా 125. మే 8న ఉప్పల్‌లోనే లక్నో నిర్దేశించిన 166 పరుగులను 9.4 ఓవర్లలో ఊదేశారు. ట్రావిస్ హెడ్ 30 బంతుల్లో 89, అభిషేక్ శర్మ 28 బంతుల్లో 75. ఆ రోజుల్లో ఊళ్లో పిల్లలు గల్లీలో టెన్నిస్ బంతితో ఆడుతూ మొదటి బంతికే సిక్స్‌కు ఊపేవారు. అవుటైతే "ఫియర్‌లెస్ క్రికెట్ కాకా" అని నవ్వుకుంటూ పోయేవారు.

ఇదంతా ఉత్త గుడ్డి బాదుడు కాదు. దాని వెనక ఒక లెక్క ఉంది, చెబితే చిన్నపిల్లవాడికైనా అర్థమవుతుంది. ఇరవై ఓవర్లంటే 120 బంతులు. చేతిలో పది వికెట్లు. అంటే సగటున ఒక్కో వికెట్‌కు పన్నెండు బంతులే. టెస్టుల్లో బంతులకు కొదవ ఉండదు, వికెట్లే కరువు. అక్కడ వికెట్ కాపాడుకోవడమే ధర్మం. ఇక్కడ తలకిందులు. బంతులు కరువు, వికెట్లు మిగులు. అయినా ఎన్నో ఏళ్లు మనవాళ్లు టీ20లోనూ వికెట్లు దాచుకునే ఆడారు. ఇరవై ఓవర్లు అయ్యేసరికి తరచూ కొన్ని వికెట్లు వాడకుండానే మిగిలి ఉండేవి. దాచుకున్న ఆ వికెట్లు ఎవరికి పనికొచ్చాయి? ఎవరికీ కాదు. ఈ లెక్క పట్టుకున్నవాళ్లు మొదటి ఓవరు నుంచే కొట్టమన్నారు. దానికి తోడు 2023లో ఇంపాక్ట్ ప్లేయర్ నిబంధన వచ్చింది. జట్టుకు ఒక బ్యాటర్ అదనంగా దొరికాడు, వికెట్ విలువ ఇంకా పడిపోయింది. అందుకని స్కోర్లు పెరిగిన ఘనతంతా డేటా వాళ్లకే ఇవ్వనక్కర్లేదు. సగం ఘనత నిబంధనది, కొంత చదునైన పిచ్‌లది.

2024 బాదుడుకు ఆరేళ్ల ముందు ఇదే సన్‌రైజర్స్ ఎట్లా ఆడిందో గుర్తుందా? నాకు మాత్రం 2018 ఏప్రిల్ చివరి వారం ఇప్పటికీ కళ్లముందే ఉంది. 24న వాంఖడేలో 118కే ఆలౌట్. ముంబయిని 87కు చుట్టేశారు. 26న ఉప్పల్‌లో 132. పంజాబ్ 119 దగ్గర ఆగిపోయింది. 29న జైపూర్‌లో 151. రాజస్థాన్ 11 పరుగుల దూరంలో నిలిచిపోయింది. కేన్ విలియమ్సన్ మొహంలో ఏ మార్పూ ఉండేది కాదు. ఫీల్డర్‌ను రెండడుగులు జరిపేవాడు, అంతే. రషీద్ ఖాన్ వేసే ప్రతి బంతికీ ఇక్కడ టీవీ ముందు కూర్చున్నవాళ్లకు ఊపిరి ఆడేది కాదు. చిన్న స్కోరును కాపాడుకోవడంలో ఉన్న ఉత్కంఠ 277 కొట్టిన రోజు నాకైతే దొరకలేదు. ఈ మాట నా ఇష్టం కొద్దీ చెబుతున్నాను, లెక్క కొద్దీ కాదు. 277 రోజు ఆనందం ఉంది, పండగ ఉంది. 118 రోజు ప్రతి బంతికీ ప్రాణం మీదికొచ్చినట్టుండేది. చూసేవాడికి రెండూ కావాలి.

మరి ఈ రెండు పద్ధతుల్లో ఏది గెలిచింది? ఇక్కడే మా కాకకూ, ఆయన కొడుక్కూ ఇద్దరికీ చిక్కు వస్తుంది. 2018లో బౌలింగ్‌ను నమ్ముకున్న సన్‌రైజర్స్ ఫైనల్ చేరి, చెన్నై చేతిలో ఎనిమిది వికెట్ల తేడాతో ఓడింది. ఆ రోజు షేన్ వాట్సన్ 117 కొట్టాడు. 2024లో బాదుడును నమ్ముకున్న సన్‌రైజర్స్ ఫైనల్ చేరి, కోల్‌కతా చేతిలో సరిగ్గా అవే ఎనిమిది వికెట్ల తేడాతో ఓడింది. చెపాక్‌లో 113కే ఆలౌట్. ఫైనల్ ఓటమిని చూపించి పద్ధతిని తిట్టాలంటే రెండు పద్ధతులనూ తిట్టాలి. 2024 ఫైనల్లో నన్ను బాధపెట్టింది ఓటమి కాదు. బంతి కదులుతోందని, మిచెల్ స్టార్క్ చేతిలో ఆ రోజు ఏదో ఉందని తొలి ఓవరులోనే తెలిశాక కూడా, రెండు మూడు ఓవర్లు ఒదిగి ఆడదామని ఎవరికీ తట్టకపోవడం బాధపెట్టింది. నెలన్నర పాటు గెలిపించిన ఆటే ఆ పూట కూడా గెలిపిస్తుందనుకున్నారు. సగటు సీజన్ మొత్తానిది. ఫైనల్ ఒక్క సాయంత్రానిది.

ఈ చిక్కు మనకొక్కరికే వచ్చిందనుకోకండి. మన ఊళ్ల నుంచి అమెరికా వెళ్లి డల్లాస్ చుట్టుపక్కల స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో. ఆ డల్లాస్ పక్కనే ఆర్లింగ్టన్ ఉంది. 2020 అక్టోబరు 27న అక్కడి స్టేడియంలో బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ ఆరో ఆట జరిగింది. బేస్‌బాల్ వాళ్లు అంకెల వెంట పడటం మనకన్నా చాలా ముందు మొదలుపెట్టారు. డబ్బు తక్కువున్న ఓక్లాండ్ జట్టు, ఎవరూ పట్టించుకోని ఆటగాళ్లను అంకెలు చూసి ఏరుకుని 2002లో వరుసగా ఇరవై ఆటలు గెలిచిన కథ మీద పుస్తకమూ సినిమా కూడా వచ్చాయి. ఆర్లింగ్టన్‌లో ఆ రాత్రి టాంపా బే జట్టు 1-0 ఆధిక్యంలో ఉంది. వాళ్ల పిచర్ బ్లేక్ స్నెల్, అంటే బంతి విసిరేవాడు, నిప్పులు చెరుగుతున్నాడు. తొమ్మిది మందిని స్ట్రైక్‌అవుట్ చేశాడు. విసిరింది 73 బంతులే, చెయ్యి అలిసిపోయిందేమీ లేదు. కానీ బేస్‌బాల్‌లో ఒక లెక్క ఉంది. అదే పిచర్ అదే బ్యాటర్‌కు మూడోసారి ఎదురైతే బ్యాటర్ అతని గుట్టు పట్టేస్తాడని ఏళ్ల తరబడి పోగుచేసిన అంకెలు చెబుతాయి. మేనేజర్ కెవిన్ క్యాష్ ఆ లెక్కనే నమ్మి స్నెల్‌ను తప్పించాడు. తర్వాత వచ్చిన బ్యాటర్ మూకీ బెట్స్ అప్పటికే ఆ రాత్రి స్నెల్‌కు రెండుసార్లు దొరికిపోయినవాడు. స్నెల్ వెళ్లగానే బెట్స్ గట్టి దెబ్బ కొట్టాడు, ఆట తిరగబడింది. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ 3-1తో గెలిచి కప్పు ఎత్తుకుపోయారు.

చూశారా, లక్నోలో కన్ను తొందరపడితే ఆర్లింగ్టన్‌లో అంకె తొందరపడింది. నేనైతే ఆర్లింగ్టన్ తీర్పును కూడా అంత తేలిగ్గా కొట్టిపారేయను. టాంపా బే కూడా డబ్బున్న జట్టు కాదు. అసలు ఆ ఫైనల్ దాకా వాళ్లను మోసుకొచ్చింది ఆ లెక్కలే. అయితే లెక్క మూడోసారి అన్నప్పుడు అది వేల మంది పిచర్ల సగటు. ఆ రాత్రి స్నెల్ ఆ వేల మందిలో ఒకడు కాదు, అది స్టేడియంలో ఉన్నవాళ్లందరికీ కనిపించింది. ఆట జరుగుతున్న నిమిషంలో, ఎదుట ఉన్న మనిషి సగటును దాటి ఆడుతున్నాడని తెలిసినప్పుడు, కాగితం మడిచి జేబులో పెట్టుకునే ధైర్యం కెప్టెన్‌కు ఉండాలి. కాగితం చదవకుండా మైదానంలోకి వచ్చేవాడికి ఆ ధైర్యం ఉందంటే నేను నమ్మను. వాడిది ఉత్త అలవాటు.

అంబటి రాయుడి విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. 2019 ప్రపంచ కప్‌కు నాలుగో స్థానంలో రాయుడే అని చాన్నాళ్లు అనుకున్నాం. జట్టు ప్రకటించినప్పుడు విజయ్ శంకర్‌ను తీసుకున్నారు. అప్పటి చీఫ్ సెలెక్టర్ ఎమ్మెస్కే ప్రసాద్ చెప్పిన కారణం విజయ్ శంకర్‌లో మూడు కోణాలున్నాయని: బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్. సెలెక్టరూ గుంటూరువారే, తప్పించిన ఆటగాడూ గుంటూరువాడే. తర్వాత మాంచెస్టర్ సెమీఫైనల్లో మొదటి ముగ్గురూ ఒక్కో పరుగుకే వెళ్లిపోయినప్పుడు నాలుగో స్థానంలో నిలబడే అనుభవజ్ఞుడి కోసం దేశమంతా వెతుక్కుంది. రాయుడి వన్డే సగటు 47. మూడు పనులు చేతనైనవాడు ఒక పనిలో ఆరితేరినవాడికి బదులు కాగలడా అన్నదే అసలు ప్రశ్న. మూడు కోణాలు లెక్కబెట్టారు గానీ ఏ కోణం ఎంత లోతో లెక్కబెట్టలేదు. ఆ సెలెక్షన్ నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

పాత ఆట, కొత్త ఆట అని గీత గీసేవాళ్లు ఇంకొకటి మరిచిపోతారు. పాత ఆట ఒక్కటి కాదు. నాగపూర్‌లో పుట్టిన మన తెలుగువాడు, టెస్టుల్లో భారత జట్టు తొలి కెప్టెన్ సి.కె. నాయుడు 1926లో బొంబాయిలో ఎం.సి.సి. మీద 153 కొట్టాడు. అందులో 11 సిక్సులు! ఆ రోజుల బ్యాట్లతో! ఇప్పటి కుర్రాళ్లకు చెబితే కళ్లు పెద్దవి చేసుకుని వింటారు. ఇక హైదరాబాదీ ఎం.ఎల్. జైసింహ 1960లో కలకత్తాలో ఆస్ట్రేలియా మీద టెస్టు అయిదు రోజులూ ఏదో ఒక సమయంలో బ్యాటు పట్టుకుని క్రీజులో కనిపించాడు. వీరిద్దరిలో అసలైన పాత ఆట ఎవరిది? ఇద్దరిదీ. తన ముందున్న బంతి ఏం అడుగుతోందో దానికి జవాబిచ్చినవాళ్లు వాళ్లు.

కాకినాడ కుర్రాడు హనుమ విహారిని తీసుకోండి. 2021 జనవరి 11, సిడ్నీ. తొడ కండరం పట్టేసి పరుగెత్తలేని స్థితి. 161 బంతులు ఆడి 23 పరుగులు. రెండో వైపు అశ్విన్ 128 బంతులకు 39. ఇద్దరూ కలిసి నలభై ఓవర్లకు పైగా ఆస్ట్రేలియాను నిలువరించి టెస్టును డ్రా చేశారు. దాని తర్వాతే బ్రిస్బేన్‌లో గెలిచి సిరీస్ ఎగరేసుకొచ్చాం. స్ట్రైక్ రేటు గడిలో విహారి పేరు పక్కన 14 అని ఉంటుంది. ఆ గడి ఒక్కటే చూసేవాడికి అది సిగ్గుపడాల్సిన అంకె. కానీ లెక్కలు నిజంగా తెలిసినవాడు ఆ రోజు పరుగుల గడే చూడడు, ఎన్ని బంతులు మింగాడో చూస్తాడు. 161. అదీ అంకే! ఏ అంకె చూడాలో తెలియడానికి ఆట తెలియాలి. లెక్కల వాళ్లకు నేను చెప్పేది ఇదొక్కటే.

2025 ఎండాకాలం ఇంగ్లండ్ సిరీస్‌లో మన హైదరాబాదీ సిరాజ్ మీద కూడా ఇట్లాంటి వాదమే నడిచింది. బుమ్రా వెన్ను సంగతి తెలిసి, ఐదు టెస్టుల్లో మూడే ఆడిస్తామని ముందే చెప్పారు. సిరాజ్ ఐదూ ఆడాడు. 185.3 ఓవర్లు, 23 వికెట్లు. ఆగస్టు 4 ఉదయం ఓవల్‌లో ఇంగ్లండ్‌కు 35 పరుగులు కావాలి, చేతిలో నాలుగు వికెట్లు. నాలుగో రోజు హ్యారీ బ్రూక్ క్యాచ్ పట్టి బౌండరీ తాడు తొక్కింది కూడా సిరాజే. బ్రూక్ సెంచరీ కొట్టాడు. ఆ బరువు మోస్తూనే మర్నాడు ఆఖరి నాలుగు వికెట్లలో మూడు తీశాడు. చివరిగా అట్కిన్సన్‌ను యార్కర్‌తో బౌల్డ్ చేశాడు. ఆరు పరుగుల తేడాతో గెలుపు. ఆ పొద్దున నిద్రలేచి "నమ్ము" అన్న మాట ఉన్న రొనాల్డో బొమ్మను ఫోన్ తెర మీద పెట్టుకున్నానని తనే చెప్పాడు. ఈ సంగతి ఏ పట్టికలోకి ఎక్కుతుంది?

"సూసినవా, వర్క్‌లోడ్ గిర్క్‌లోడ్ అంత ఉత్తదే" అని కాక ఆ రోజు వాడకట్టంతా తిరిగి చెప్పాడు. బుమ్రా ఆడిన మూడు టెస్టుల్లో ఒక్కటీ గెలవలేదనీ, ఆడని రెండూ గెలిచామనీ కూడా అన్నాడు. ఇక్కడ నేను కాకతో కలవను. మూడు ఆటలు, రెండు ఆటలు పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పడం తిలక్‌కు 23 బంతులతో తీర్పు చెప్పినట్టే. బుమ్రా వెన్నుకు ఇదివరకే శస్త్రచికిత్స జరిగింది. ఒక్కొక్క బౌలర్ శరీరం ఒక్కో తీరు. ఎన్ని ఓవర్ల తర్వాత ఎవరి వెన్ను మొరాయిస్తుందో రాసి పెట్టుకోవడం వల్లే ఆ మనిషి ఇంకా ఆడుతున్నాడు. పాతరోజుల్లో ఈ లెక్క లేక ఎందరు పేసర్లు ముప్పై దాటకముందే కనుమరుగయ్యారో కాకకూ తెలుసు. సిరాజ్ గుండెను మెచ్చుకోవాలంటే బుమ్రా వెన్నును అవమానించనక్కర్లేదు.

లెక్కా కావాలి, మనిషీ కావాలన్న ఈ మాట మన సిద్దిపేట గొల్లభామ చీర నేసేవాళ్లను చూసినవారికి ఇట్టే అర్థమవుతుంది. తల మీద చట్టి పెట్టుకున్న ఆ భామ బొమ్మ పోగులు లెక్కబెట్టందే మగ్గం మీద దిగదు. లెక్క ఒక్కటి తప్పినా చట్టి వంకర పోతుంది. అట్లాగని లెక్క తెలిసిన ప్రతివాడూ ఆ చీర నేయలేడు. పోగు ఎంత బిగువుగా లాగాలో చేతికే తెలుసు.

ఇప్పుడు నా అసలు బాధ చెబుతాను. ఈ వాదమంతా పెద్దాటగాళ్ల గురించే. వాళ్లు అంతదాకా ఎట్లా వచ్చారో చూడండి. తిలక్‌ను అంకెలు కనిపెట్టలేదు. బార్కస్ మైదానంలో టెన్నిస్ బంతితో ఆడుతున్న పదకొండేళ్ల పిల్లవాణ్ని సలాం బయాష్ అనే కోచ్ కళ్లు కనిపెట్టాయి. వాళ్ల నాన్న ఎలక్ట్రీషియన్, కోచింగ్‌కు పంపే స్థోమత లేదంటే ఆ కోచే తన బండి మీద ఎక్కించుకుని తీసుకుపోయేవాడు. సిరాజ్ కూడా టెన్నిస్ బంతి పిల్లవాడే, ఆటో నడిపిన తండ్రి కొడుకు. అయితే అతన్ని దేశం గుర్తుపట్టడానికి 2016-17 రంజీ సీజన్‌లో తీసిన 41 వికెట్ల అంకె కూడా కావాల్సి వచ్చింది. ఒకరికి కన్ను తలుపు తీసింది, ఇంకొకరికి అంకె తీసింది. వాళ్లిద్దరూ హైదరాబాద్‌లో ఉన్నారు గనక ఏదో ఒకటి వాళ్ల దాకా వచ్చింది.

మన జిల్లా పిల్లల దాకా ఏం వస్తోంది? సంక్రాంతికి, ఎండాకాలం సెలవులకు ఇక్కడ ఎన్ని టోర్నమెంట్లు జరుగుతాయో మీకు తెలుసు. గజ్వేల్, దుబ్బాక, హుస్నాబాద్ నుంచి జట్లు వస్తాయి. కప్పు ఎవరిదో మర్నాటి పేపర్లో జిల్లా పేజీలో వస్తుంది. ఎవడు ఎంత కొట్టాడు, ఎవడు కొత్త బంతితో ఎన్ని ఓవర్లు పరుగివ్వకుండా వేశాడు? స్కోరు రాసిన కాగితం ఆట అవగానే గాలికి పోతుంది. నాలుగేళ్లుగా అదే ఊరికి అదే కుర్రాడు నిప్పులాంటి బంతులు వేస్తుంటాడు. ఆ సంగతి అతని ఊరివాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. పెద్దాటలో లెక్కలు ఎక్కువయ్యాయని తగువులాడుకుంటున్నాం. మన మైదానాల్లో లెక్కే లేదు.

2023 అక్టోబరులో సిద్దిపేటకు రైలొచ్చింది. ఆ రైలెక్కి హైదరాబాద్ సెలెక్షన్లకు పోయే కుర్రాడి చేతిలో కిట్టు సంచీతో పాటు నాలుగు సీజన్ల స్కోరు పుస్తకం కూడా ఉండాలి. చూసేవాడు అతని బంతినీ చూస్తాడు, పుస్తకాన్నీ చూస్తాడు. అందుకు పెద్ద డబ్బేమీ అక్కర్లేదు. ఫోన్‌లో స్కోరు రాసుకునే యాప్‌లు ఉచితంగానే దొరుకుతున్నాయి, అవి వద్దనుకుంటే స్టేషనరీ దుకాణంలో స్కోరు పుస్తకం కొనుక్కోవచ్చు. ఈసారి మీ ఊళ్లో టోర్నమెంటు పెడితే కామెంటరీ మైకు కన్నా ముందు స్కోరు రాసేవాణ్ని మాట్లాడుకోండి. ఆట బాగా తెలిసిన పెద్దమనిషిని ఒకాయన్ను అతని పక్కన కూర్చోబెట్టండి. పరుగులూ వికెట్లతో ఆగకుండా ఒక్కో బౌలర్ ఎన్ని డాట్ బంతులు వేశాడో, ఎవరి చేతిలోంచి ఎన్ని క్యాచ్‌లు జారాయో కూడా రాయించండి. పక్కన ఖాళీ ఉంచి, పెద్దాయనకు తోచినది ఆయన మాటల్లోనే రాసుకోండి: బంతి లోపలికి తెస్తున్నాడు, భయం లేదు, చూడాల్సిన పిల్లవాడు అని. ఆ పుస్తకాన్ని పారేయకుండా వచ్చే ఏటి టోర్నమెంటుకు మళ్లీ తీసుకురండి.